ఏజెన్సీలో తగవు వస్తే ఏ గడప తొక్కాలి? కుల పంచాయితీ, గ్రామసభ, ఏజెన్సీ కోర్టు, పోలీసు స్టేషను: ఒక పోలిక, కొన్ని సలహాలు

ఏజెన్సీ గూడెంలో ఒక తగవు పుట్టినప్పుడు దాన్ని తీసుకువెళ్లడానికి కనీసం నాలుగు గడపలు కనిపిస్తాయి. కులపెద్దలు కూర్చునే పంచాయితీ మొదటిది. పెసా చట్టం (పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి కేంద్ర చట్టం) గుర్తించిన గ్రామసభ రెండోది. రెవెన్యూ అధికారులే న్యాయాధికారులుగా ఉండే ఏజెన్సీ కోర్టు మూడోది. దేశమంతటా ఉన్నట్టే ఇక్కడా ఉన్న పోలీసు స్టేషను, దాని వెనుక ఉన్న క్రిమినల్ కోర్టు నాలుగోది. ఏది ఎంచుకోవాలన్నది తగవు స్వభావాన్ని బట్టి తేలవలసిన విషయం. కానీ చాలాచోట్ల ముందుగా ఎవరు కబురు పెట్టారు, ఎవరికి ఎవరంటే భయం, బస్సు ఎంతదాకా వస్తుంది అన్నవాటిని బట్టే అది తేలిపోతోంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల షెడ్యూల్డు ప్రాంతాల్లోని ఆదివాసీ కుటుంబాల కోసం, చదువుకుని గూడేనికి తిరిగివచ్చిన యువత కోసం, పారా లీగల్ వాలంటీర్ల (న్యాయ సేవాధికార సంస్థ తరఫున జనానికి సాయపడేవారి) కోసం, గ్రామసభలో మాట చెల్లే పెద్దల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. "మన ఆచారమా, వాళ్ల చట్టమా" అన్న ప్రశ్నతో మొదలుపెడితే సరైన గడప దొరకదు. ఈ తగవులో బలహీనులు ఎవరు, పెద్దల మాటకు "నాకు సమ్మతం కాదు" అని చెప్పి కూడా వాళ్లు అదే గూడెంలో బతకగలరా అన్న ప్రశ్నతో మొదలుపెడితే, చాలా తగవులకు దారి దానంతట అదే కనిపిస్తుంది.

ఆచారానికి రాజ్యాంగం ఇచ్చిన చోటు

ఆచార న్యాయం వేరు, రాజ్యాంగం వేరు అని ఇద్దరు అనుకుంటారు: ఆచారాన్ని వెనుకబాటుతనంగా చూసే అధికారులు, రాజ్యాంగాన్ని పైనుంచి వచ్చిపడ్డ పరాయి వస్తువుగా చూసే కొందరు పెద్దలు. రాజ్యాంగం పాఠం చదివితే ఇద్దరి మాటా నిలవదు. రాజ్యాంగం 13వ అధికరణం "చట్టం" అన్న మాటకు అర్థం చెబుతూ, చట్టంతో సమానమైన బలం ఉన్న ఆచారాన్ని, వాడుకను కూడా అందులోనే చేర్చింది. దీనికి రెండు ఫలితాలున్నాయి. ఆచారం కేవలం అలవాటు కాదు, అది చట్టమే. చట్టం కాబట్టి, మిగతా చట్టాల లాగే అది కూడా ప్రాథమిక హక్కులకు లోబడి ఉండాలి. మొదటి ఫలితాన్ని చెప్పుకుని రెండోదాన్ని దాటవేయడం పెద్దలకు అలవాటు. రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని మరిచిపోవడం అధికారులకు అలవాటు.

244వ అధికరణం, ఐదో షెడ్యూలు ఏజెన్సీకి ప్రత్యేక పాలన ఇచ్చాయి. దిలీప్ సింగ్ భూరియా కమిటీ సిఫారసుల మీద 1996 డిసెంబరు 24 నుంచి అమల్లోకి వచ్చిన పెసా చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీ చట్టాలు ఆచార న్యాయానికి, సామాజిక, మత సంప్రదాయాలకు అనుగుణంగా ఉండాలని 4వ సెక్షను చెబుతుంది. అదే సెక్షను ప్రజల ఆచారాలను, సంస్కృతిని, ఉమ్మడి వనరులను, సంప్రదాయ పద్ధతిలో తగవులు తీర్చుకునే విధానాన్ని కాపాడుకునే సామర్థ్యం ప్రతి గ్రామసభకు ఉందని కూడా చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో తన పంచాయతీరాజ్ చట్టాన్ని ఇందుకు తగ్గట్టు సవరించింది. నియమాలు మాత్రం 2011లో గాని రాలేదు.

అయితే ఐదో షెడ్యూలు ప్రాథమిక హక్కులకు పైన లేదు. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి 3వ నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసినప్పుడు, ఐదో షెడ్యూలు కింద గవర్నరుకున్న అధికారం కూడా ప్రాథమిక హక్కులకు లోబడే ఉంటుందని చెప్పింది. ఆ తీర్పు ఏజెన్సీకి చేసిన నష్టం గురించి నాకు చాలా బాధ ఉంది. కానీ దానిలోని ఈ సూత్రాన్ని తెలియనట్టు నటించి కుల పంచాయితీ నడపడం ఎవరికీ క్షేమం కాదు.

కుల పంచాయితీ: బలం ఎక్కడ, బలహీనత ఎక్కడ

పేర్లు తెగను బట్టి మారతాయి. ఆదిలాబాద్ రాజ్‌గోండుల్లో ఊరి స్థాయిలో పటేల్, దేవారి, పై స్థాయిలో రాయి సెంటర్ అనే పంచాయితీ, దానికి పెద్దగా సార్మేడి ఉంటారు. సవరల్లో గొమాంగో, బుయ్య, కొండరెడ్లలో పెద్దకాపు, విశాఖ మన్యంలో ఊరి నాయుడు, కబురు అందించే బారికి. పద్ధతి మాత్రం చాలావరకు ఒకటే. ఇరుపక్షాలనూ కూర్చోబెడతారు. చెప్పుకోవలసింది అయిపోయేదాకా చెప్పుకోనిస్తారు. చూడవచ్చినవాళ్లు కూడా మాట కలుపుతారు. చివరికి తప్పు ఎవరిదో తేల్చి "తప్పు", అంటే జరిమానా, కట్టిస్తారు. ఆ సొమ్ములో కొంత నష్టపోయినవారికి, కొంత అందరూ కలిసి తినే భోజనానికి పోవడం చాలాచోట్ల ఉన్న వాడుక. ఆ భోజనాన్ని బయటివాళ్లు తేలిగ్గా చూస్తారు గానీ, తీర్పులో అసలైన భాగం అదే. తప్పు చేసినవాడు, నష్టపోయినవాడు ఒకే పంక్తిలో కూర్చుని తిన్నాక తగవు ముగిసిందని ఊరంతటికీ తెలుస్తుంది. కోర్టు తీర్పుకు ఈ ముగింపు లేదు. అక్కడ ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు, మర్నాడు ఇద్దరూ ఒకే చెలమ దగ్గర నీళ్లు పట్టుకోవాలి.

రెండో బలం భాష. గోండి, కోయ, కువి, సవర మాట్లాడే మనిషి తన గోడును తన మాటల్లో చెప్పుకోగల న్యాయస్థానం ఇదొక్కటే. కోర్టులో సాక్షి ఒకటి చెబితే కాగితం మీద మరొకటి ఎక్కే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఫీజు లేకపోవడం, కొండ దిగి రోజు కూలి పోగొట్టుకోవలసిన పని లేకపోవడం చిన్న విషయాలేమీ కావు.

బలహీనతలు కూడా అంతే నిజం. చాలా పంచాయితీల్లో ఆడవాళ్లు తీర్పు చెప్పేవారి వరసలో ఉండరు. వాళ్ల తరఫున తండ్రో, అన్నో, మేనమామో మాట్లాడతాడు. తప్పు సొమ్ముకు పరిమితి లేకపోతే ఒక్క తీర్పుతో కుటుంబం షావుకారు దగ్గర అప్పులో కూరుకుపోతుంది. మాట వినకపోతే వెలివేస్తారు: నీళ్లు, నిప్పు, పెళ్లి, చావు, దేనికీ ఎవరూ రారు. రాత ఉండదు కాబట్టి ఏడాది తర్వాత తీర్పు ఏమిటన్నదే మరో తగవు అవుతుంది. ఇటీవలి కాలంలో నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఇంకొకటి ఉంది. మండల స్థాయి రాజకీయ నాయకులు, కాంట్రాక్టర్లు కులపెద్దల పక్కన కూర్చుని తీర్పులు చెప్పడం మొదలైంది. దానికి ఆచారం పేరు పెట్టడం ఆచారానికే అవమానం.

కుల పంచాయితీలు పెట్టడమే చట్టవిరుద్ధమని కొందరు పోలీసు అధికారులు అంటుంటారు. అది అంత సులువుగా అనగల మాట కాదు. 2011లో ఆరుముగం సేర్వై కేసులో, 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు తీవ్రంగా ఖండించింది వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి చేసుకున్న పెళ్లిని అడ్డుకునే, దండించే ఖాప్ (ఉత్తరాది), కట్ట (తమిళనాడు) పంచాయితీలను. ఇరుపక్షాలూ ఇష్టపడి వచ్చి రాజీ చేసుకుంటే అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ రాజీని అమలు చేయించే ప్రభుత్వ బలం పంచాయితీకి లేదు. అది మాట మీద నిలబడేది. కొట్టడానికి, కట్టేయడానికి, నిర్బంధించడానికి ఎవరికీ అధికారం లేదు.

గ్రామసభ

పెసాలో గ్రామం అంటే రెవెన్యూ గ్రామం కాదు. ఒక గూడెం గానీ, కొన్ని గూడేలు గానీ కలిసి తమ సంప్రదాయం ప్రకారం తమ వ్యవహారాలు చూసుకునే సముదాయం. కాబట్టి గ్రామసభ కుల పంచాయితీకి పోటీ కాదు. అదే ఊరి మనుషులు, చట్టం ఇచ్చిన హోదాతో కూర్చుంటారు, అంతే తేడా. ఆడా మగా వయోజనులందరూ అందులో సభ్యులు కావడం కుల పంచాయితీకి లేని పెద్ద బలం. అన్యాక్రాంతమైన ఆదివాసీ భూమిని తిరిగి ఇప్పించేందుకు తగిన చర్య తీసుకునే అధికారం, వడ్డీ వ్యాపారం మీద అదుపు ఉండేలా చూడాలని పెసా రాష్ట్రాలకు చెప్పింది.

ఇద్దరు మనుషుల మధ్య తీర్పు చెప్పడానికి గ్రామసభ అంత అనువైనది కాదని నా అంచనా. వందమంది ముందు ఇంటి గుట్టు విప్పడం ఎవరికైనా కష్టం. ఊరి భూమి, అడవి, చెరువు, అప్పులు, మద్యం, బయటివాళ్ల ఆక్రమణ వంటి ఉమ్మడి విషయాలకు మాత్రం దీనికి మించిన గడప లేదు. ఇంకో ప్రయోజనం కూడా ఉంది: తీర్మానం పుస్తకం. మా తెగలో ఆచారం ఇది అని రేపు కోర్టులో నిరూపించవలసి వస్తే, ఆ పుస్తకంలోని తీర్మానం నోటిమాట సాక్ష్యాల కంటే ఎంతో బరువైనది.

ఏజెన్సీ కోర్టు, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టు

గంజాం, విశాఖపట్నం మన్యాలను 1839లోనే బ్రిటిషువారు మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరును ఏజెంటుగా పెట్టి ఆయన చేతికి అప్పగించారు. అలా వచ్చినవే 1924 నాటి ఏజెన్సీ రూల్సు. పాత మద్రాసు రాష్ట్రంలో ఉండిన మన్యం ప్రాంతాల్లో సివిల్ దావాలకు నేటికీ అవే ఆధారం. సివిల్ ప్రొసీజర్ కోడ్ కూడా తన మొదటి సెక్షనులోనే విశాఖ, ఉభయ గోదావరి ఏజెన్సీల ప్రత్యేక నియమాలకు భంగం రాదని చెప్పింది. ఆదిలాబాద్ వైపు పాలనా చరిత్ర వేరు కాబట్టి, అక్కడ ఏ దావా ఎవరి ముందు వేయాలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది.

ఏజెన్సీ కోర్టులో పద్ధతులు మామూలు సివిల్ కోర్టు కంటే సరళం. చివరికి హైకోర్టు దాకా వెళ్లే దారీ ఉంది. లోపం ఏమిటంటే, కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను వేరుచేయాలని 50వ అధికరణం కోరుతుండగా ఇక్కడ ఆ రెండూ ఒకే కుర్చీలో కూర్చున్నాయి. తగవు ఇద్దరు ఆదివాసీ రైతుల గట్టు గురించి అయితే దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. ప్రభుత్వమే ఎదుటి పక్షమైతే మాత్రం న్యాయవాది సలహా లేకుండా అక్కడితో ఆగిపోకూడదు.

భూమి గిరిజనేతరుడి చేతిలోకి పోయిన తగవుకు దారి పూర్తిగా వేరు. 1959 నాటి భూబదలాయింపు నియంత్రణ చట్టం 1963లో తెలంగాణకు విస్తరించింది. 1970లో దానికి వచ్చిన సవరణనే జనం వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దాని ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడికి బదలాయిస్తే, అమ్మినవాడు ఎవరైనా సరే, ఆ బదలాయింపు చెల్లదు. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి, వేరే రుజువు అయ్యేదాకా, ఆదివాసీ నుంచి వచ్చినదిగానే చట్టం భావిస్తుంది. రుజువు భారం అతని మీదే. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. ఈ కేసులు విచారించేది గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్.

ఇక్కడ ఒక హెచ్చరిక. గిరిజనేతరుడు కులపెద్దల ముందు కూర్చుని, నలుగురి ఎదుట డబ్బిచ్చి, రాజీ కాగితం రాయించుకుంటే అది చెల్లుతుందని చాలామంది నమ్ముతున్నారు. చెల్లదు. ఊరంతా ఒప్పుకున్నా చెల్లదు. భూమి విషయంలో గిరిజనేతరుడు కుల పంచాయితీని అడుగుతున్నాడంటేనే పెద్దలు అనుమానించాలి.

పోలీసు స్టేషను, క్రిమినల్ కోర్టు

నేరాల్లో కొన్నిటికి చట్టమే రాజీని ఒప్పుకుంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 359వ సెక్షనులో ఆ జాబితా ఉంది. దూషణ, చిన్న దెబ్బలాట, చిన్న గాయం వంటివి అందులోకి వస్తాయి. హత్య, అత్యాచారం, పిల్లలపై లైంగిక దాడి రావు. అత్యాచారం కేసులో రాజీ కుదిరిందని శిక్ష తగ్గించడానికి కూడా వీల్లేదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దలు తప్పు కట్టించారు కాబట్టి కేసు పెట్టకూడదన్న వాదన నిలవదు. ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష ఉండకూడదన్న 20వ అధికరణం రక్షణ కోర్టు శిక్షకు సంబంధించినదే గాని పంచాయితీ తప్పుకు కాదు.

ఇదంతా చెప్పి, పోలీసు స్టేషనుకు వెళితే న్యాయం దొరుకుతుందని భరోసా ఇవ్వలేను. 2007 ఆగస్టులో జి.మాడుగుల మండలం వాకపల్లిలో 11 మంది కోందు తెగ మహిళలు పోలీసు బలగాల మీద సామూహిక అత్యాచార ఆరోపణ చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు దర్యాప్తులో లోపాలను ఎత్తిచూపుతూనే నిందితులను విడిచిపెట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. మధ్యలో పదిహేనేళ్లకు పైగా గడిచిపోయాయి. ఆ అనుభవం తెలిసిన గూడెం మనిషి స్టేషను గడప తొక్కడానికి వెనుకాడితే దాన్ని అజ్ఞానం అనడం అన్యాయం. అయినా ప్రాణానికి, ఒంటికి హాని జరిగిన చోట వేరే గడప సరిపోదు. తీవ్రమైన నేరం గురించి ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని లలితా కుమారి కేసులో 2013లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. షెడ్యూల్డు తెగలవారికి, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు. దాని ఫోను నంబరు 15100. ఒంటరిగా కాక, ఆ న్యాయవాదితోనో పారా లీగల్ వాలంటీరుతోనో వెళ్లడం మేలు.

ఏ తగవుకు ఏ గడప

విడాకులు, ఓలి (పెళ్లికూతురి కోసం ఇచ్చే సొమ్ము), మారుమనువు: ముందుగా కుల పంచాయితీయే. ఇది ఆచారం మీద మమకారంతో చెబుతున్న మాట కాదు. హిందూ వివాహ చట్టం, హిందూ వారసత్వ చట్టం రెండూ తమ 2వ సెక్షనులోనే, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించవని చెప్పాయి. కాబట్టి ఆదివాసీ దంపతుల విడాకులకు చట్టబద్ధమైన ఆధారం ఆచారమే. అయితే ఆ విడాకులను తేదీ వేసి, ఇరుపక్షాల సంతకాలు, పెద్దల సంతకాలు, సాక్షుల పేర్లతో తప్పకుండా రాయించుకోవాలి. ఆచారం ఉందన్నవారే దాన్ని రుజువు చేయాలన్నది కోర్టుల స్థిరమైన మాట. 2001లో ఒరావ్ తెగ భార్యకూ సంతాల్ తెగ భర్తకూ మధ్య నడిచిన ఒక కేసులో, రెండో పెళ్లిని నిషేధించే ఆచారాన్ని రుజువు చేయలేకపోయినందువల్ల భార్య ఫిర్యాదు సుప్రీంకోర్టులో నిలవలేదు.

భరణం, గృహహింస మాత్రం వేరు. నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను కింద భరణం, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అన్ని తెగల, మతాల స్త్రీలకూ ఉన్నాయి. పంచాయితీలో సర్దుబాటు చేసుకున్న స్త్రీకి కూడా ఆ హక్కు పోదు. కొట్టే భర్త విషయంలో పెద్దలు ఒకసారి మందలించి పంపితే, రెండోసారి కూడా అదే గడపకు వెళ్లమని ఏ ఆడపిల్లకూ నేను సలహా ఇవ్వను. మహిళల సహాయ నంబరు 181కు ఫోను చేయాలి.

పిల్లల మీద లైంగిక దాడి విషయంలో ఎంపికే లేదు. పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, దాచితే అదీ నేరమే. తప్పు కట్టించి, ఆ పిల్లనే అతనికిచ్చి పెళ్లి చేసే తీర్పు ఇచ్చిన పెద్దలు కూడా కేసులో ఇరుక్కుంటారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఒకరినొకరు ఇష్టపడి లేచిపోయే ఆనవాయితీ ఉన్న తెగల్లో ఈ చట్టం చిక్కులు తెస్తోందన్నది నిజమే. పద్దెనిమిది నిండే దాకా ఆగమని పిల్లలకు ముందుగా చెప్పడమే ప్రస్తుతానికి పెద్దలు చేయగల పని.

చిల్లంగి, బాణామతి, చేతబడి ఆరోపణలు వచ్చినప్పుడు కుల పంచాయితీని పిలవనే కూడదు. మిగతా తగవుల్లో ఊరి కోపాన్ని చల్లార్చే పంచాయితీ ఇందులో ఆ కోపానికే వేదిక అవుతుంది. ఆరోపణకు గురయ్యేది చాలాసార్లు ఒంటరి ముసలివాళ్లు, విధవలు. మాట మొదలైన రోజే 112కు ఫోను చేసి ఆ మనిషిని సురక్షితమైన చోటికి చేర్చాలి. జ్వరాలు, చావులు ఎందుకు వస్తున్నాయో చూడమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును ఊరికి పిలవడం కూడా తగవు తీర్చడంలో భాగమే.

వెలి విషయంలో చట్టం బలహీనంగా ఉంది. 2015 సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక బహిష్కరణ నేరమైంది గాని, అది ఎస్సీ, ఎస్టీ కానివారు చేసినప్పుడే వర్తిస్తుంది. తోటి ఆదివాసీలే వెలివేస్తే ఆ చట్టం అక్కరకు రాదు. మహారాష్ట్ర తెచ్చిన 2016 చట్టం లాంటిది మనకు లేదు. అందుకే తీర్పులో వెలి అన్నది ఉండకూడదని గ్రామసభే తీర్మానం చేసుకోవడం తక్షణ అవసరం. బెదిరింపు, దారి ఆపడం, ఆస్తి నష్టం జరిగితే మామూలు క్రిమినల్ కేసు పెట్టవచ్చు.

పొలం గట్టు, పశువుల మేత, నీటి వాటా, చిన్న అప్పు, మాటా మాటా పెరిగిన గొడవ: వీటికి పంచాయితీని మించినది లేదు. ఒక్క జాగ్రత్త చాలు. రాజీ కుదిరాక, ముఖ్యమైనది అనిపిస్తే, ఇరుపక్షాలూ కలిసి ఆ కాగితాన్ని మండల న్యాయ సేవాధికార సంఘం ద్వారా లోక్ అదాలత్‌కు తీసుకువెళ్లాలి. కోర్టులో కేసు లేకపోయినా అక్కడ నమోదు చేయించవచ్చు. అలా లోక్ అదాలత్ ఇచ్చే అవార్డుకు (తీర్పు కాగితానికి) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. ఆచారం కుదిర్చిన రాజీకి రాజ్యాంగ వ్యవస్థ వేసే ముద్ర ఇది. ఇంత సులువైన వంతెనను ఏజెన్సీలో ఇంత తక్కువగా వాడుకోవడం నాకు అర్థం కాని విషయం.

ఇతర చోట్ల ఎంచుకున్న దారులు

మన దేశంలోనే నాగాలాండ్‌కు 371ఏ అధికరణం చాలా విస్తృతమైన రక్షణ ఇచ్చింది: నాగా ఆచార న్యాయాన్ని, భూమి హక్కును తాకే పార్లమెంటు చట్టం ఏదైనా అక్కడి శాసనసభ ఒప్పుకుంటే తప్ప వర్తించదు. అక్కడ కూడా పురపాలక సంఘాల్లో మహిళలకు 33 శాతం సీట్ల మీద 2017లో హింస చెలరేగి, చివరికి 2024 జూన్‌లో ఆ రిజర్వేషనుతోనే ఎన్నికలు జరిగాయి. ఎంత పెద్ద రక్షణ ఉన్నా సమానత్వం ప్రశ్న తప్పలేదు.

మనకు ఎక్కువ పనికొచ్చేది కొలంబియా పద్ధతి అని నా నమ్మకం. 1991 నాటి రాజ్యాంగంలోని 246వ అధికరణం మూలవాసులకు తమ ప్రాంతంలో తమ నియమాలతో తీర్పు చెప్పే అధికారం ఇచ్చింది. హద్దు ఎక్కడన్న ప్రశ్న వచ్చినప్పుడు 1996లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, రాజ్యాంగంలోని ప్రతి వాక్యాన్నీ ఆ పంచాయితీల మీద రుద్దకుండా, దాటకూడని కొన్ని గీతలు మాత్రం గీసింది: ప్రాణం తీయకూడదు, చిత్రహింస పెట్టకూడదు, బానిసత్వం ఉండకూడదు, నియమమూ శిక్షా ఆ సముదాయంలో ముందే తెలిసినవై ఉండాలి. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2004లో పెద్ద మగవారసుడికే ఆస్తి అన్న ఆచారాన్ని కొట్టివేసింది. కొలంబియాది ఎవరు తీర్పు చెప్పాలన్న ప్రశ్నకు జవాబు, దక్షిణాఫ్రికాది ఆ తీర్పు స్త్రీకి ఏమి మిగిల్చిందన్న ప్రశ్నకు జవాబు. మనకు రెండూ కావాలి.

పంచాయితీని సరిదిద్దుకునే పని

కోర్టు వచ్చి కొట్టివేసేదాకా ఆగనక్కరలేదు. అటవీ హక్కుల చట్టం నియమాల్లో 2012 నుంచి గ్రామసభకు సగం మంది సభ్యులు హాజరు కావాలి, వచ్చినవారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. పోడు పట్టా కోసం ఆ లెక్క పాటించగలిగిన గూడెం తగవు తీర్చేటప్పుడు పాటించలేనని అనడం న్యాయం కాదు. తీర్పు చెప్పేవారిలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఎవరి మీద ఫిర్యాదు ఉందో వారికి ముందురోజైనా కబురు అందాలి. ఫిర్యాదు చేసినవాడి బంధువు ఆ రోజుకు తీర్పు వరస నుంచి లేవాలి. తప్పు సొమ్ముకు గూడెం ముందే పరిమితి పెట్టుకోవాలి. తీర్పు నచ్చకపోతే వేరే గడపకు వెళ్లే హక్కు మీకు ఉందని పెద్దే తన నోటితో అందరి ముందు చెప్పాలి. ఈ చివరి మాట చెప్పడానికి పెద్దలకు మనసు రాదు. కానీ ఆ మాట చెప్పిన పంచాయితీకే జనం ఇష్టపడి వస్తారు.

అన్నిటికంటే కష్టమైన తగవు కూతురి వాటా. చాలా తెగల్లో భూమి కొడుకులకే పోతుంది, హిందూ వారసత్వ చట్టం వర్తించదు. 1996లో మధు కిష్వర్ కేసులో సుప్రీంకోర్టు ఆచారాన్ని కొట్టివేయడానికి వెనుకాడి, ఆ భూమి మీద ఆధారపడిన స్త్రీలకు బతుకుతెరువు హక్కు మాత్రం కాపాడింది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో ఇంకో అడుగు వేసింది: స్త్రీకి వాటా లేదన్న ఆచారం రుజువు కానప్పుడు, ఆమెకు వాటా ఉందని ఆమె రుజువు చేసుకోవాలని అడగడం సరికాదని, ఆడపిల్ల అన్న కారణంగా వాటా కాదనడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది.

దీనికి పెద్దలు చెప్పే అభ్యంతరాన్ని కొట్టిపారేయలేము. గిరిజనేతరులు ఆదివాసీ అమ్మాయిలను పెళ్లాడి వాళ్ల పేర్ల మీద ఏజెన్సీ భూములు సంపాదించుకుంటున్నారన్న భయం ఊహ కాదు. కానీ ఆ దొంగ దారిని మూయవలసింది వన్ ఆఫ్ సెవెంటీతో, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందు ఫిర్యాదుతో. గూడెంలోనే పుట్టి, గూడెంలోనే పెళ్లాడి, ఆ పొలంలోనే కలుపు తీస్తున్న కూతురి వాటా ఎగ్గొట్టడంతో కాదు. ఆదివాసీ తండ్రి తన ఆదివాసీ కూతురికి భూమి ఇవ్వడాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అడ్డుకోదు. అటవీ హక్కుల చట్టం కింద వచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. కాబట్టి కోర్టు, కేంద్రం ఏదో ఒకటి తేల్చేదాకా ఆగదలచుకోని తండ్రి, తన రెవెన్యూ పట్టా భూమి పాసుపుస్తకం, తనదీ కూతురిదీ తెగ ధ్రువపత్రాలు తీసుకుని, తాను బతికి ఉండగానే కూతురి పేర దానపత్రం రిజిస్టరు చేయించవచ్చు. ఆ సంగతిని కొడుకుల ఎదుట గ్రామసభలో చెప్పి తీర్మానం పుస్తకంలో రాయించవచ్చు.